గోడవైపు తిప్పిన బీరువా

1994 వేసవి. రోమ్‌లోని పాలాజ్జో చేజీ అనే పాత భవనంలో సైనిక న్యాయ విభాగం కార్యాలయం ఉండేది. అక్కడ ప్రాసిక్యూటర్ అంటోనినో ఇంటెలిజానో కొన్ని పాత కాగితాల కోసం గాలిస్తున్నాడు. 1944 మార్చి 24న రోమ్ శివార్లలోని అర్డియాటిన్ గుహల్లో 335 మందిని కాల్చి చంపిన కేసులో నిందితుడు ఎరిక్ ప్రీబ్కె అర్జెంటీనాలో నిక్షేపంగా బతుకుతున్నాడని 1994లోనే బయటపడింది. వెతికింది ఒక కేసు గురించి, దొరికింది ఒక బీరువా. అందులో యుద్ధ నేరాల మీద 695 ఫైళ్లున్నాయి. చాలా వాటిలో సాక్షుల వాంగ్మూలాలు, సైనిక దళాల పేర్లు, అధికారుల పేర్లు కూడా ఉన్నాయి. బీరువా తలుపులు గోడవైపు తిరిగి ఉన్నాయని పత్రికలు రాశాయి. నిజంగా ఎటు తిరిగి ఉందన్నది తర్వాత వాదులాటకు వచ్చింది గానీ, ఫైళ్లు అటకెక్కిన మాట మీద తగవు లేదు. జర్నలిస్టు ఫ్రాంకో జుస్టొలీసి దానికి ‘సిగ్గుచేటు బీరువా’ అని పేరు పెట్టాడు. ఆ పేరే నిలిచిపోయింది.

ఈ ఫైళ్లలోని నేరాలు ఎప్పటివి? 1943 సెప్టెంబరు 8న ఇటలీ సంధి ప్రకటించగానే, నిన్నటి మిత్రుడైన జర్మనీ ఆ దేశాన్ని ఆక్రమించింది. దక్షిణం నుంచి మిత్రరాజ్యాల సైన్యాలు పైకి వస్తున్నాయి. వాటిలో మన దేశపు 4, 8, 10వ డివిజన్లు కూడా ఉన్నాయి. ఫోర్లీలో భారతీయ సైనికుల శ్మశానవాటిక నేటికీ ఉంది. జర్మన్లు అంగుళం అంగుళం వెనక్కి జరుగుతూ, వెనుక కొండల్లో ఉన్న గెరిల్లాల మీద కోపాన్ని ఊళ్ల మీద తీర్చుకున్నారు. 1944 జూన్ 17న ఇటలీలోని జర్మన్ సేనాధిపతి కెసెల్రింగ్ ఇచ్చిన ఉత్తర్వు ఒకటుంది. గెరిల్లాల అణచివేతలో మామూలు హద్దు దాటిన కమాండర్‌కు తాను అండగా నిలుస్తానన్నది దాని సారం. ఆ కాగితం చదివితే తర్వాతి ఊచకోతలను ‘కుర్ర సైనికుల ఆవేశం’ అని కొట్టిపారేయడం కష్టం.

ఆగస్టు 12 ఉదయం టస్కనీ కొండల్లోని సంతాన్న ది స్తజ్జేమా. జర్మన్లు వస్తున్నారని తెలియగానే మగవాళ్లు అడవిలోకి పారిపోయారు. పట్టుకుపోతే మగాళ్లనే కదా, ఆడవాళ్లను, పిల్లలను ఏం చేస్తారు అనుకున్నారు. వచ్చింది నాజీల ఎస్‌ఎస్ దళానికి చెందిన 16వ డివిజన్. కొన్ని గంటల్లో దాదాపు 560 మందిని చంపారు. చర్చి ముందు ఖాళీ జాగాలో జనాన్ని పోగుచేసి కాల్చారు. ప్రార్థనకు కూర్చునే బల్లలను లోపలి నుంచి మోసుకొచ్చి, శవాల మీద పేర్చి నిప్పు పెట్టారు. మృతుల్లో ఇరవై రోజుల పసికందు కూడా ఉంది. సెప్టెంబరు చివర్లో అదే డివిజన్ మార్జబొట్టో చుట్టుపక్కల పల్లెల్లో దాదాపు 770 మందిని చంపింది.

విచారణ ఆలస్యంగా మొదలైందని అనుకుంటే పొరపాటు. ఆ శరత్తులోనే అమెరికన్ సైనిక పరిశోధకులు సంతాన్న సాక్షులను ప్రశ్నించారు. బ్రిటిష్ వాళ్లు ఇతర ఊళ్లలో వాంగ్మూలాలు రాసుకున్నారు. 1947లో వెనిస్‌లో కెసెల్రింగ్‌కు, పాదువాలో ఆ ఎస్‌ఎస్ డివిజన్ కమాండర్ మాక్స్ సైమన్‌కు బ్రిటిష్ సైనిక కోర్టులు మరణశిక్ష వేశాయి. రెండూ అమలు కాలేదు. 1952లో ఒకరు, 1954లో మరొకరు ఇంటికి వెళ్లారు. మార్జబొట్టోకు గాను ఎస్‌ఎస్ అధికారి వాల్టర్ రేడర్‌కు 1951లో బొలోన్యా సైనిక కోర్టు యావజ్జీవం వేసింది. అతను 1985 వరకు జైల్లో ఉన్నాడు.

మిగతా ఫైళ్లు రోమ్‌లోనే ఆగిపోయాయి. ఎందుకంటే ఒక్క కారణం చాలదు. యుగోస్లావియా, గ్రీస్, ఇథియోపియాలలో ఘోరాలు చేసిన తన సైనికులను ఇటలీ ఎవరికీ అప్పగించదలచుకోలేదు. జర్మన్లను తమకు అప్పగించమని అడిగితే, మరి మీవాళ్ల సంగతేమిటని ఎదురు ప్రశ్న వస్తుంది. ఆపైన ప్రచ్ఛన్న యుద్ధం. పశ్చిమ జర్మనీ మళ్లీ సైన్యాన్ని కట్టుకుంటోంది, నాటోలో ఇటలీకి తోటి సభ్యురాలు. 1956లో గ్రీకు దీవి కెఫలోనియాలో జర్మన్లు ఇటాలియన్ సైనికులను ఊచకోత కోసిన కేసు పైకి వచ్చినప్పుడు, జర్మన్లను అప్పగించమని అడగడం ఇప్పుడు మంచిది కాదని విదేశాంగ మంత్రి మార్టీనో రాశాడు. రక్షణ మంత్రి తవియానీ సరేనన్నాడు. చివరికి 1960 జనవరి 14న సైనిక ప్రధాన ప్రాసిక్యూటర్ సాంతాక్రోచె ఫైళ్లను ‘తాత్కాలికంగా’ మూసేశాడు. అలా మూయడానికి చట్టంలో వీలే లేదు. తాత్కాలికం అన్న మాట ముప్పై నాలుగేళ్లు నడిచింది!

1994 తర్వాత ఫైళ్లను ఎక్కడికక్కడ సైనిక ప్రాసిక్యూటర్లకు పంపారు. లా స్పెజియాలో మార్కో దె పావొలిస్ 2000ల మొదట్లో సంతాన్న కేసును చేతిలోకి తీసుకునేసరికి, నాటి పిల్లలు ముసలివాళ్లయ్యారు. ఆ ఉదయం ఏ కంపెనీ ఏ దారిన వచ్చింది, దానికి అధికారి ఎవరు, అతను బతికున్నాడా అని కాగితాలను జ్ఞాపకాలతో సరిచూసుకోవాలి. 2005 జూన్ 22న పదిమంది మాజీ ఎస్‌ఎస్ సైనికులకు వారు హాజరు కాకుండానే యావజ్జీవం పడింది. 2007లో మార్జబొట్టో కేసులో మరో పదిమందికి. జర్మనీ ఒక్కరినీ అప్పగించలేదు.

ఇక్కడ రెండు దేశాల న్యాయశాస్త్రం వేర్వేరు దారులు పట్టింది. పథకం ప్రకారం జరిగిన ఊచకోతలో అధికారిగా పాల్గొంటే చాలు, దోషే అని ఇటలీ కోర్టు అంది. జర్మనీలో స్టట్‌గార్ట్ ప్రాసిక్యూటర్లు మాత్రం ఫలానా వ్యక్తి స్వయంగా ఏం చేశాడో, ఏ ఉద్దేశంతో చేశాడో రుజువు కావాలన్నారు. హత్యకు కాలపరిమితి లేదు గానీ అంతకన్నా చిన్న నేరాలకు అది ఎప్పుడో దాటిపోయింది. 2012 అక్టోబరులో సంతాన్న కేసు మూసేశారు. బాధితుల తరఫున అప్పీలు చేస్తే 2014లో కార్ల్స్‌రూహె కోర్టు, 2005లో శిక్ష పడినవారిలో ఒకడైన గెర్హార్డ్ సోమర్ మీద విచారణకు తగినంత ఆధారం ఉందంది. మరుసటి ఏడాది, మతిమరుపు జబ్బు వల్ల అతను విచారణకు పనికిరాడని హాంబర్గ్‌లో తేల్చారు.

నష్టపరిహారం దారిలో కూడా అడ్డంకి ఎదురైంది. ఇటలీ కోర్టులు జర్మనీని బాధ్యురాలిని చేయడం చెల్లదని, ఇలాంటి యుద్ధకాలపు సైనిక చర్యలకు ఒక రాజ్యాన్ని మరో రాజ్యపు కోర్టు విచారించలేదని 2012 ఫిబ్రవరి 3న అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పింది. కోర్టులు వదిలేసిన పనిలో కొంత చరిత్రకారులు అందుకున్నారు. 2016లో వచ్చిన నాజీ ఫాసిస్టు ఊచకోతల అట్లాస్‌లో ఐదు వేలకు పైగా ఘటనలు ఊరూరా నమోదయ్యాయి. ఆ జాబితాలో సంతాన్న లాంటి పెద్ద పేర్లు కొన్నే. ఎక్కువ భాగం ఒకరిద్దరిని దారిలో కాల్చేసి పోయిన చోట్లు.