నాగజెముడు కథ



దొడ్డి చుట్టూ మేకపోతు కూడా దూరలేని నాగజెముడు కంచె వుండేదని మీ పెద్దలు చెప్పగా వినే వుంటారు. పిల్లలు ఆ పండ్లు తిని నోరు ఎర్రజేసుకునేవారు. వేళ్ళలో దిగిన నూగుముళ్ళు తీయలేక తల్లులు విసుక్కునేవారు. మరి అంత కంచె ఏమైంది? ఎవరో నరికివేయలేదు. వొక పురుగు తినివేసింది.

నాగజెముడు మన మొక్క కాదు, అమెరికా ఖండానిది. దానిమీద బతికే చిన్న పురుగునుంచి ఎర్రరంగు తీసేవారు. ఆ వ్యాపారమంతా స్పెయిను వారి చేతిలో వుండేది. అది చూసి ఈస్టిండియా కంపెనీకి ఆశ పుట్టింది. మద్రాసులో డాక్టరు జేమ్స్ ఆండర్సన్ జెముడు తోట వేయించాడు. 1795లో బ్రెజిల్ నుంచి పురుగు రానే వచ్చింది. అయితే వచ్చింది అసలు రకం కాదు, నాసి రకం. రంగు వ్యాపారం సాగలేదు గాని, ఆ పురుగు వొక జాతి జెముడును మాత్రం తుడిచిపెట్టింది. ముళ్ళు దట్టంగా వుండే మరో జాతి జోలికి అది పోలేదు. అదే బీళ్ళనూ, చెరువు గట్లనూ ఆక్రమించింది. కరువు వచ్చినప్పుడు ఆ మట్టల ముళ్ళు కాల్చి పశువులకు వేసి ప్రాణం నిలిపినవారూ వున్నారనుకోండి. అందుకే దాన్ని ఉత్త కలుపు అనడానికి నాకు మనసొప్పదు.

1926లో సింహళం నుంచి ఇంకొక జాతి పురుగును తెప్పించి మద్రాసు రాజధానిలో వదిలారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు అందులోనివే. ఈ పురుగు ఆ ముళ్ళజాతినే పట్టింది. మట్టలమీద తెల్లని బూజు, తర్వాత కుళ్ళు. కొద్ది ఏళ్ళలోనే పొదలు నేలకూలినవి.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? ఝాన్సీ, జోధ్‌పూర్ పరిశోధనశాలల వారు మెట్టభూములలో మేతకోసం ముళ్ళులేని జెముడు పెంచి చూస్తున్నారు. మీరూ వేయాలనుకుంటే, ముదురు మట్ట కోసి, గాయం ఆరేదాకా వారం, రెండు వారాలు నీడన వుంచండి. తర్వాత మూడోవంతు మట్టిలో దిగేటట్టు నాటండి. నీరు నిలిచే చోటు పనికిరాదు. మట్టలో నూటికి 90 పాళ్ళ దాకా నీరే, కాబట్టి ముక్కలు చేసి చొప్పతో కలిపి పెట్టాలి. వట్టి మట్టలే మేపితే గొడ్డు పారుకుంటుంది.

అయితే 1926 నాటి పురుగుకు ఈ కొత్త జెముడన్నా ఇష్టమే. మొరాకోలో 2014లో కనబడి, విస్తారమైన తోటలను పాడుచేసినది అదే. కనుక తోటలో తిరిగేటప్పుడు మట్టలు తిప్పి చూడండి. దూదిపింజవంటి తెలుపు కనబడితే గోటితో నలపండి. గోరు ఎర్రబడిందా, అదే! కంపెనీ వారు కోరుకున్న రంగు. ఆ మట్టను అప్పుడే కోసి కాల్చివేయండి, గట్టుమీద పారవేయవద్దు.