పూసలూ పొడుగు జుట్టూ ఉంటే హిప్పీ అయిపోయినట్టేనా?

మన ఇళ్ళలోకి "హిప్పీ" అన్న మాట తిట్టులాగే వచ్చిందండీ. మగపిల్లాడు రెండు నెలలు కటింగ్ చేయించుకోకపోతే "ఏంట్రా ఆ హిప్పీ జుట్టు" అనేవాళ్ళు పెద్దవాళ్ళు. 1971లో దేవానంద్ తీసిన "హరే రామ హరే కృష్ణ" చూసినవాళ్ళకి ఇంకాస్త వివరంగా తెలుసు. జీనత్ అమన్, కళ్ళద్దాలు, మెడలో పూసలు, పొగ, ఖాట్మండు. అంతే. హిప్పీ అంటే మనకి ఒక వేషం.

ఇంతకీ ఆ వేషమేనా మనిషిని హిప్పీ చేసేది? ఈ ప్రశ్న మనకంటే ముందు వాళ్ళకే వచ్చింది. ఎంత గట్టిగా వచ్చిందంటే, చివరికి "హిప్పీ" అన్న బొమ్మకి వాళ్ళే నడివీధిలో శవయాత్ర చేశారు. ఆ సంగతి చెప్పాలంటే అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో ఊళ్ళో హైట్-ఆష్‌బరీ అనే పేటకి వెళ్ళాలి.

1960ల మొదట్లో అదొక పాతబడిన పేట. విక్టోరియా కాలంనాటి పెద్ద పెద్ద చెక్క ఇళ్ళు, తక్కువ అద్దెలు. విద్యార్థులు, పాటగాళ్ళు, బొమ్మలు వేసేవాళ్ళు నలుగురైదుగురు కలిసి ఒక ఇల్లు తీసుకునేవాళ్ళు. 1965 సెప్టెంబరు 5న "ఎగ్జామినర్" పత్రికలో మైఖేల్ ఫాలన్ అనే విలేకరి అక్కడి బ్లూ యూనికార్న్ అనే కాఫీ హోటల్ గురించి రాస్తూ వీళ్ళని "హిప్పీలు" అన్నాడు. ఆ పేరు అక్కణ్ణించే జనంలోకి పాకింది. వాళ్ళలో చాలామంది ఆ పేరు పెట్టుకోలేదు, ఇష్టపడనూ లేదు.

మరి ఆ బట్టలు ఎక్కడివి? మొదట్లో అవి ఏ దుకాణంలోనూ హిప్పీ బట్టలుగా అమ్మలేదు. పాత సామాన్ల అంగళ్ళలో కారుచౌకగా దొరికేవి. ఎవరి నాయనమ్మవో లేసు జాకెట్లు, వెల్వెట్ గౌన్లు, సైన్యం వదిలించుకున్న కోట్లు, నావికులు తొడిగే కింద వెడల్పు ప్యాంట్లు. మనం గొప్పగా కుట్టించుకున్న బెల్‌బాటమ్ అసలు ఓడ మీద పనివాళ్ళ ప్యాంటు! రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో డబ్బు బాగా వచ్చింది. ఏటేటా కొత్త కారు, కొత్త సోఫా, కొత్త గౌను కొనడమే బతుకైపోయింది. అది మాకొద్దు అనుకున్న పిల్లలు పాతబట్టలు వేసుకున్నారు. మన ఇళ్ళలో అక్క గౌను చెల్లికి రావడం పొదుపు. వాళ్ళ ఇళ్ళలో అది తిరుగుబాటు.

జుట్టు సంగతి ఇంకా పెద్దది. వియత్నాం యుద్ధానికి కుర్రాళ్ళని బలవంతంగా పంపిస్తున్న రోజులవి. సైన్యంలో చేరగానే మొదట చేసే పని తల గొరిగేయడం. ఆ కాలంలో మగపిల్లాడు జుట్టు పెంచాడంటే నేను రాను అని నెత్తిన రాసుకుని తిరగడమే. ఊరికే తిరగనిచ్చారా? బళ్ళో నుంచి ఇంటికి పంపేశారు, హోటళ్ళలో వడ్డించమన్నారు, కొన్నిచోట్ల కొట్టారు కూడా. అందుకని "వేషానిదేముంది" అని తేలిగ్గా కొట్టిపారేయలేం. వేసుకున్నవాడు దానికి ఏదో ఒక మూల్యం చెల్లిస్తున్నంత కాలం ఆ వేషానికి అర్థం ఉంది.

ఆడపిల్లలకీ అంతే. 1960ల అమెరికా ఆడవాళ్ళ ఫొటోలు చూడండి. నడుముని నొక్కిపెట్టే గర్డిల్, రాత్రంతా తలకి కర్లర్లు, పొద్దున్నే డబ్బాడు స్ప్రే. అవన్నీ పక్కన పడేసి, జుట్టు వదిలేసి, వదులుగా ఉండే పొడుగు లంగా తొడుక్కుంటే ఎంత హాయిగా ఉండి ఉంటుందో మనకి వేరే చెప్పాలా?

అయితే ఆ పేటలో బట్టల గొడవ అస్సలు పట్టించుకోకుండా పనిచేసిన ఒక గుంపు ఉంది. డిగ్గర్స్ అని పేరు. వీధి నాటకాలాడే బృందం నుంచి బయటికొచ్చిన వాళ్ళు. 1966 శరదృతువులో మొదలుపెట్టారు. రోజూ సాయంత్రం నాలుగింటికి పాన్‌హ్యాండిల్ అనే పార్కులో ఎవరొచ్చినా ఉచితంగా భోజనం. గిన్నె, చెంచా మాత్రం ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి. పసుపు రంగు వేసిన పెద్ద చెక్క చట్రం ఒకటి నిలబెట్టి, అందులోంచి దాటి వస్తే వడ్డించేవాళ్ళు. ఎవరు నువ్వు, ఎక్కణ్ణించి వచ్చావు అని అడిగేది లేదు. అన్నీ ఊరికే ఇచ్చే దుకాణం కూడా పెట్టారు. కావలసినవాళ్ళు కావలసింది పట్టుకుపోవచ్చు. అక్కడే ఆడవాళ్ళు తెల్ల చొక్కాలకి ముడులు వేసి రంగులో ముంచడం నేర్పారు. మన బాందినీకి దూరపు చుట్టం. ఇప్పుడు టై-డై పేరుతో మాల్‌లో వేలు పోసి కొంటున్న చొక్కాకి అంటిన రంగులో కొంత ఆ ఉచిత దుకాణానిది.

ఇక్కడ నాకు నచ్చిన సంగతి, నచ్చని సంగతి రెండూ ఉన్నాయి. డిగ్గర్స్ అనగానే చరిత్ర పుస్తకాల్లో ఎమెట్ గ్రోగన్, పీటర్ కొయోటీ, పీటర్ బర్గ్ అని మగవాళ్ళ పేర్లే వస్తాయి. కానీ తెల్లారకుండా కూరగాయల మార్కెట్‌కి వెళ్ళి మిగిలినవి అడిగి తెచ్చిందీ, తరిగిందీ, పెద్ద పెద్ద పాల క్యాన్లలో వందల మందికి వండిందీ ఎక్కువగా ఆడవాళ్ళే. మరుసటి ఏడు ఒక చర్చి వంటింట్లో గోధుమ రొట్టెలు కాల్చేవాళ్ళు. పెనాలు లేవు. ఖాళీ కాఫీ డబ్బాల్లో పిండి పోసి కాల్చారు. రొట్టె డబ్బా ఆకారంలో గుండ్రంగా, పైన పుట్టగొడుగులా పొంగి వచ్చేది. పదిమందికి పూరీలు వత్తితేనే నాకు నడుం పట్టేస్తుంది. రోజూ వందమందికి, అదీ జీతం లేకుండా! నా లెక్కలో అసలు హిప్పీలు ఎవరంటే ఆ డబ్బాల ముందు నిలబడ్డవాళ్ళే. వాళ్ళు ఏం కట్టుకున్నారో ఎవరూ పెద్దగా రాయలేదు.

ఇంతలో 1967 వచ్చింది. జనవరి 14న గోల్డెన్ గేట్ పార్కులో 20 వేల మందికి పైగా చేరి పండగ చేసుకున్నారు. పత్రికలు, టీవీలు ఎగబడ్డాయి. తలలో పువ్వులు పెట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కో రమ్మనే పాట ఒకటి మే నెలలో వచ్చి దేశమంతా మోగింది. దాన్ని రాయించిందే ఒక సంగీతోత్సవం ప్రచారానికి. ఆ వసంతంలో గ్రే లైన్ అనే టూరిస్టు బస్సు కంపెనీ "హిప్పీ హాప్" అని ఒక యాత్ర పెట్టింది. జూలో జంతువుల్ని చూపించినట్టు హిప్పీల్ని చూపిస్తారన్నమాట. దానికి ఆ పేట పిల్లలు ఏం చేశారో తెలుసా? అద్దాలు తెచ్చి బస్సు కిటికీల ముందు పట్టుకున్నారు. మమ్మల్ని కాదు, మిమ్మల్ని మీరు చూసుకోండి అని.

ఆ ఎండాకాలం అక్కడికి 75 వేల నుంచి లక్ష మంది దాకా వచ్చారని అంచనా. దారి పొడుగునా పూసల దుకాణాలు, పోస్టర్ల దుకాణాలు. పొద్దున బస్సు దిగిన పిల్ల మధ్యాహ్నానికల్లా పూసలు, హెడ్‌బ్యాండ్, చెప్పుల్లేని కాళ్ళతో హిప్పీ అయిపోవచ్చు. రాత్రికి ఎక్కడ పడుకోవాలో మాత్రం ఏ దుకాణమూ చెప్పదు. పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు ఇంట్లో చెప్పకుండా వచ్చేశారు. కన్నవాళ్ళు ఫొటోలు పట్టుకుని ఆ వీధుల్లో వెతుక్కున్నారు. మత్తుమందులు, జబ్బులు, ఆడపిల్లల మీద అఘాయిత్యాలు. జూన్‌లో డాక్టర్ డేవిడ్ స్మిత్ అక్కడ ఉచిత వైద్యశాల తెరిచారు. అదే నెలలో పారిపోయి వచ్చిన పిల్లల కోసం హకిల్‌బెరీ హౌస్ అనే ఇల్లు తెరిచారు. చదువుతుంటే నాకు ఆ తల్లులే కళ్ళముందు కనపడ్డారు. జనంలో పిల్లని గుర్తుపట్టాలి, అక్కడ చూస్తే అందరిదీ ఒకటే వేషం.

1967 అక్టోబరు 6న శవయాత్ర తీశారు. పేటలో పాతకాపులు, డిగ్గర్స్ కలిసి "హిప్పీ" చనిపోయాడని ప్రకటించారు. వాణ్ణి కన్నది పత్రికలూ టీవీలే అన్నారు. శవపేటికలో పూసలు, పూలు, అలాంటి సరంజామా అంతా వేసి, హైట్ వీధిలో మోసుకెళ్ళి తగలబెట్టారు. ఆ పేటలో మొదటి నుంచీ పేరున్న సైకెడెలిక్ షాప్ కూడా ఆ రోజుల్లోనే మూసేశారు. వేషం వేరు, మేము వేరు అని ఇంతకంటే గట్టిగా ఎవరు చెప్పగలరు? జనం విన్నారా అంటే వినలేదు. పూసల అమ్మకం ఆగలేదు.

వేషాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో తర్వాతి రెండేళ్ళలో రెండు వైపులా తెలిసింది. 1968లో యుద్ధం ఆపాలన్న సెనేటర్ యూజీన్ మెకార్తీ కోసం ప్రచారం చేయడానికి, పెద్దవాళ్ళు బెదిరిపోకూడదని, వందలమంది కుర్రాళ్ళు జుట్టూ గడ్డమూ తీయించుకుని న్యూ హాంప్‌షైర్‌లో ఇల్లిల్లూ తిరిగారు. ఆయనకి 42 శాతం ఓట్లొచ్చాయి. అధ్యక్షుడు జాన్సన్‌కి 49. ఆ నెలాఖరుకే జాన్సన్ ఇక పోటీ చేయనన్నాడు. జుట్టు పోయింది, పట్టుదల పోలేదు. రెండోవైపు, జైలు నుంచి విడుదలై 1967లో ఇదే హైట్ పేటకి వచ్చి, పొడుగు జుట్టు, గిటారుతో ఇల్లు వదిలొచ్చిన ఆడపిల్లల్ని పోగేసుకున్నవాడు చార్లెస్ మాన్సన్. 1969 ఆగస్టులో అతని మనుషులు లాస్ ఏంజిలిస్‌లో చేసిన హత్యల్లో నిండు గర్భిణి షారన్ టేట్ కూడా ఉంది. చూడ్డానికి అతనూ హిప్పీయే.

ఆ వేషం తయారైన దారిలో మన దేశమూ ఉంది. ఇస్తాంబుల్ నుంచి కాబూల్ మీదుగా ఢిల్లీ, ఖాట్మండు, గోవా దాకా బస్సుల్లో వచ్చి పోయినవాళ్ళు మన నూలు కుర్తాలు, అద్దాల పని పట్టుకెళ్ళారు. గోవాలో అంజునా బుధవారం సంత 1970ల్లో వాళ్ళు డబ్బులయిపోయి సామాన్లు అమ్ముకోవడంతోనే మొదలైంది. తర్వాత అక్కడ కర్ణాటక నుంచి వచ్చిన లంబాడీ ఆడవాళ్ళు కూర్చుని అద్దాల సంచులు, దుప్పట్లు అమ్మారు. మన తెలంగాణ, రాయలసీమ తండాల్లోనూ ఆ అద్దాల రవికలు ఉన్నవే. తండాలో ఆమె తొడుక్కుంటే అది కులం బట్ట. అదే రవిక ఆన్‌లైన్‌లో "హిప్పీ స్టైల్".

మళ్ళీ ఆడవాళ్ళ పని దగ్గరికే వస్తాను. 1967లో జోన్ డిడియన్ అనే రచయిత్రి ఆ పేటలో తిరిగి ఒక వ్యాసం రాసింది. అందులో వంట చేయడం, రొట్టెలు కాల్చడం ఆడదాని ఆనందంగా చెప్పుకునే కుర్రాళ్ళూ అమ్మాయిలూ కనిపిస్తారు. ప్రపంచాన్ని తలకిందులు చేస్తామన్నవాళ్ళ ఇంట్లో గిన్నెలు మాత్రం ఎప్పుడూ తోమే చేతులే తోమాయి. గర్డిల్ పోయింది కానీ పొయ్యి పోలేదన్నమాట.

కానీ అదే గుంపులోంచి కొందరు ఆడవాళ్ళు ఇంకో దారి వేశారు. 1970లో స్టీఫెన్ గాస్కిన్ అనే అతని వెంట దాదాపు 300 మంది పాత స్కూలు బస్సుల్లో శాన్‌ఫ్రాన్సిస్కో వదిలి బయల్దేరారు. 1971లో టెనెసీ రాష్ట్రంలో భూమి కొని "ద ఫార్మ్" అని ఊరు కట్టుకున్నారు. డబ్బంతా ఉమ్మడి. మాంసం లేదు, పాలు లేవు, సోయా చిక్కుళ్ళే. కలిసి ఉంటే నిశ్చితార్థమైనట్టే, కడుపొస్తే పెళ్ళయినట్టే అని అక్కడి నియమం. వింటే మన నాయనమ్మ మాటలా లేదూ! పొడుగు లంగాలు, రంగురంగుల చొక్కాలు చూసి వాళ్ళని రంగుల ఆమిష్‌లు అనేవారు. ఆమిష్ అంటే పాతకాలపు పద్ధతిలో వ్యవసాయం చేసుకు బతికే ఒక క్రైస్తవ శాఖ.

ఆ ప్రయాణంలో గర్భిణులు కూడా ఉన్నారు. ఒక యూనివర్సిటీ పార్కింగ్ స్థలంలో, బస్సులోనే, మొదటి కాన్పు జరిగింది. ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్న స్టీఫెన్ భార్య ఐనా మే అప్పటికి మంత్రసాని కాదు. దారిలో ఒక ప్రసూతి వైద్యుడు ఆమెకి, తోటి ఆడవాళ్ళకి కొంత నేర్పాడు. ఫార్మ్‌లో వాళ్ళు కాన్పుల కేంద్రం పెట్టి, డబ్బు తీసుకోకుండా బయటి ఆడవాళ్ళకి కూడా కాన్పులు చేశారు. 1983లో ఫార్మ్‌లో ఉమ్మడి ఖర్చు పద్ధతి పోయి ఎవరి సంపాదన వాళ్ళదైంది, చాలా కుటుంబాలు వెళ్ళిపోయాయి. మంత్రసానులు మాత్రం పని మానలేదు.

బిడ్డ తల బయటికొచ్చి భుజం ఇరుక్కుపోతే తల్లిని చేతులూ మోకాళ్ళ మీద ఉండేలా తిప్పే పద్ధతి ఒకటుంది. గ్వాటెమాలా పల్లె మంత్రసానులది అది. 1976లో ఐనా మే అది నేర్చుకుని, వాడి, లెక్కలు రాసి డాక్టర్ల ముందు పెట్టింది. ఇప్పుడు ప్రసూతి వైద్య పుస్తకాల్లో దాని పేరు గాస్కిన్ పద్ధతి.