'సురత్రాణ' బిరుదు చెప్పే కథ

పిల్లలకు కొండారెడ్డి బురుజు చూపించడానికి వెళ్లినప్పుడు తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు అడిగాడు: "ఇది తురకోళ్లతో కొట్లాడేదానికే కట్టినారా సార్?" అవుననడానికి నోరు రాలేదు. కాదని చెప్పడానికి అయిదు నిమిషాలు చాలవు. ఆ ప్రశ్న వాడికి సొంతంగా పుట్టింది కాదు. మన చారిత్రక నవలలు, సినిమాలు వాడి నోట్లో పెట్టినది. వాటికి ముందు, 1900లో విజయనగరాన్ని ముస్లిం దండయాత్రలకు అడ్డుగోడగా చిత్రించిన సూయెల్ దొర ఉన్నాడు.

ఈ రకం కథకు ఐరోపాలో పుట్టిల్లు స్పెయిన్. 1085లో టొలేడో, 1492లో గ్రనడా: క్రైస్తవ రాజులు సుమారు ఎనిమిది వందల యేళ్లు ఒకే దీక్షతో ముస్లింలను తరిమికొట్టారని అక్కడ చాలాకాలం చెప్పుకున్నారు. ఆ కథలో మహావీరుడు ఎల్ సిద్. అయితే కాస్టిల్ రాజు ఆరో అల్ఫోన్సో 1081లో వెళ్లగొడితే అతడు కొలువు చేసింది సరగోసా ముస్లిం రాజుల దగ్గర. వాళ్ల తరఫున క్రైస్తవ ప్రభువులతో యుద్ధం చేశాడు. 1094లో వలెన్సియా పట్టుకుని తానే ఏలుకున్నాడు. అతని బిరుదైన 'సిద్' అరబ్బీ 'సయ్యిద్' నుంచి వచ్చిన మాట.

మన బుక్కరాయల శాసనాల్లోనూ ఇలాంటి బిరుదే ఉంది: 'హిందూరాయ సురత్రాణ'. సురలను త్రాణం చేసేవాడని విగ్రహవాక్యం చెప్పుకుంటాం. నేనూ పరీక్షలో అలాగే రాశాను. నిజానికి అది 'సుల్తాన్' అనే మాటకు కట్టిన సంస్కృత వేషం. మ్లేచ్ఛసంహారమే వ్రతమైనవాడు వాళ్ల బిరుదునే శాసనాలకెక్కించుకుంటాడా? రెండో దేవరాయలు ముస్లిం సైనికులను చేర్చుకుని, సింహాసనం ముందు ఖురాన్ ఉంచాడని ఫెరిష్తా రాశాడు. 1520లో రాయచూరు ముట్టడిలో కృష్ణరాయల పక్షాన తుపాకులు పేల్చినవాళ్లు ఐబీరియానుంచి వచ్చిన పోర్చుగీసులు. అదే రాయలకు 'యవనరాజ్య స్థాపనాచార్య' అన్న బిరుదు కూడా ఉంది. కృష్ణా తుంగభద్రల నడుమ నేల ఎవరిదన్నదే అక్కడి అసలు తగాదా. శిస్తు ఎవరి బొక్కసంలో పడాలన్నది ప్రశ్న.

అళియ రామరాయల సంగతి మరీ చిత్రం. ఈయన మన ఆరవీటివాడు. ఆదవాని, కందనవోలు ఆ వంశం చేతిలో ఉన్న కోటలే. మొదట కుతుబ్ షా కొలువులో పనిచేశాడని గోల్కొండ చరిత్రకారుడు అంటాడు. 1543 నుంచి 1550 దాకా ఇబ్రహీం కుతుబ్ షా విజయనగరంలో ఈయన ఆశ్రయంలోనే తలదాచుకున్నాడు. 1565లో ఆ ఇబ్రహీమే తక్కిన సుల్తానులతో కలిసి ఈయన మీద కత్తి దూశాడు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' అంకితమిచ్చింది కూడా ఆ ఇబ్రహీమ్‌కే.

మతం పేరుతో దౌర్జన్యం జరగలేదని నేననడం లేదు. పెమ్మసానివారి గండికోటను 1650లో పట్టిన మీర్ జుమ్లా, ఫిరంగులు పోయించడానికి గుళ్లలోని విగ్రహాలు తెప్పించాడని 1652లో అక్కడికి వచ్చిన టావెర్నియే రాశాడు. రామరాయల సైన్యం అహ్మద్‌నగర్‌లో మసీదులను పాడుచేసిందని ఫెరిష్తా రాశాడు. రచయిత ఈ రెండింటిలో ఒకటి చెప్పి ఒకటి దాచితే అది చరిత్ర కాదు, వకీలు పని.

స్పెయిన్‌లో ఆ కథను చివరిదాకా నడిపారు. 1492లో గ్రనడా లొంగినప్పుడు మతం జోలికి రామని రాసిచ్చిన పాలకులే, పదేళ్లు తిరిగేసరికి కాస్టిల్ ముస్లింలను బాప్తిస్మమో దేశత్యాగమో తేల్చుకోమన్నారు. అలా మతం మార్చుకున్నవాళ్ల సంతతిని సైతం 1609 నుంచి 1614 లోపల, సుమారు మూడు లక్షలమందిని, ఓడలెక్కించి తరిమారు. వలెన్సియాలో వాళ్లు సేద్యగాళ్లు. వాళ్లు పోతే పొలాలు బీడవుతాయని అక్కడి భూస్వాములే మొరపెట్టుకున్నారు. వినలేదు.

మన సీమలో పీర్ల చావిడి ముందు గుండం తవ్వేవాళ్లలో హిందువులూ ఉంటారు. ఉగాదినాడు కడప ముస్లిం కుటుంబాలు దేవుని కడప గుడికి వచ్చి కొబ్బరికాయ కొడతాయి. బీబీ నాంచారమ్మ వాళ్ల ఆడపడుచు, వెంకటేశ్వరుడు ఇంటి అల్లుడు. వచ్చే ఉగాదికి ఆ కుర్రవాణ్ణి అక్కడికి తీసుకెళ్దామనుకుంటున్నాను.