ప్రభుత్వ భయం, వేటగాడి ఎంపిక: వలస భారతంలో పెద్ద మృగాల వేట రైఫిళ్ల కాలిబర్ - చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:

పెద్ద మృగాల వేటకు ఏ కాలిబర్ రైఫిల్ తగినదన్న ప్రశ్నను వేట గ్రంథాలు సాధారణంగా సాంకేతిక విషయంగానే చర్చించాయి. మృగం బరువు, గుండు వేగం, కాల్చే దూరం అనే మూడు అంశాల చుట్టూ ఆ చర్చ తిరిగింది. వలస భారతంలో ఈ మూడింటితోపాటు నాలుగో అంశం కూడా పనిచేసింది. అది ఆయుధం పాలితుల చేతికి చిక్కుతుందేమోనన్న ప్రభుత్వ భయం. 1907లో .450 కాలిబర్‌పై విధించిన నిషేధాన్ని కేంద్రంగా తీసుకుని, ఆ భయం వేట రైఫిళ్ల రూపాన్ని ఎలా మార్చిందో, దాని జాడలు స్వతంత్ర భారతంలో ఎలా మిగిలాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వేట, కాలిబర్, నైట్రో ఎక్స్‌ప్రెస్, ఆయుధ చట్టం, వలస పాలన, నాటు తుపాకీ.

1. ప్రవేశిక:

1902లో వైస్రాయి కర్జన్ హైదరాబాదు రాజ్యంలో పర్యటించినప్పుడు వరంగల్లు ప్రాంతంలోని నెక్కొండ సమీపంలో పులిని వేటాడాడు. చచ్చిన పులితో కర్జన్ దంపతులు ఉన్న దృశ్యాన్ని రాజా దీన్‌దయాళ్ ఛాయాచిత్రంగా నిలిపాడు. వలస పాలకుల వేటను గురించిన చర్చల్లో ఈ చిత్రం తరచుగా కనిపిస్తుంది. చరిత్రకారులు అందులో అధికార ప్రదర్శనను, సంస్థానాధీశుల ఆతిథ్య రాజకీయాన్ని, అడవిపై ఆధిపత్యాన్ని చదివారు. అటువంటి చిత్రాలన్నింటిలోనూ పులి పక్కనే ఉండి, అంతగా పరిశీలనకు నోచుకోని వస్తువు తుపాకీ. దాని గొట్టం కొలతను ఎవరు నిర్ణయించారన్న ప్రశ్న పైకి చిన్నదిగా కనిపించినా, సమాధానం వెతికితే అది లండన్ తుపాకీ తయారీదారుల దుకాణాల నుంచి కలకత్తా రేవు వరకు, మన్యం పోలీసు స్టేషన్ల వరకు తీసుకుపోతుంది.

2. పరిభాష - బోరు, కాలిబర్:

తుపాకీ గొట్టాన్ని కొలవడానికి రెండు పద్ధతులున్నాయి. పాతదైన బోరు పద్ధతిలో, ఒక పౌను సీసంతో సమానమైన గుండ్రని గుండ్లు ఎన్ని పోస్తే ఒక్కొక్కటి ఆ గొట్టంలో సరిపోతుందో ఆ సంఖ్యే బోరు. 12 బోరు గుండు సుమారు 38 గ్రాములు, 8 బోరు గుండు 57 గ్రాములు, 4 బోరు గుండు 113 గ్రాములు తూగుతాయి. అంటే సంఖ్య తగ్గేకొద్దీ తుపాకీ పెద్దదవుతుంది. కాలిబర్ పద్ధతిలో గొట్టం లోపలి అడ్డుకొలతను అంగుళంలో దశాంశ భాగంగా చెబుతారు. .303 అంటే దాదాపు 7.7 మిల్లీమీటర్లు, .450 అంటే 11.4 మిల్లీమీటర్లు. ఈ వ్యాసంలో గుండు అంటే గొట్టం నుంచి వెలువడే లోహపు ముక్క. గుండు, మందు, డొల్ల కలిసిన మొత్తం తూటా. 1907 నాటి నిషేధాన్ని అర్థం చేసుకోవడానికి ఈ తేడా అవసరం.

3. నల్లమందు నుంచి కార్డైట్‌కు:

పందొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం వేటగాళ్లకు నల్లమందే ఆధారం. దానితో గుండు వేగాన్ని ఒక హద్దు దాటి పెంచడం సాధ్యం కాదు. దెబ్బలో బలం పెరగాలంటే గుండు బరువు పెంచడం ఒక్కటే మార్గం. అందుకే ఏనుగుల వేటకు 8 బోరు, 4 బోరు తుపాకులు వాడారు. శామ్యూల్ బేకర్ వంటి వేటగాడు వాటికంటే భారీ ఆయుధాన్ని కూడా ప్రయోగించాడు. అటువంటి తుపాకుల బరువు మోయలేనిది, వెనుదెబ్బ భరించలేనిది. పైగా దట్టమైన పొగ కమ్మి, మృగం పడిందో, మీదికి వస్తున్నదో కొన్ని క్షణాలపాటు తెలిసేది కాదు.

1889లో రూపొందిన కార్డైట్ అనే పొగలేని మందు ఈ స్థితిని మార్చింది. 1898లో జాన్ రిగ్బీ సంస్థ .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటాను ప్రవేశపెట్టింది. దీన్ని 1871 నుంచి బ్రిటిష్ సైన్యం వాడిన మార్టినీ-హెన్రీ రైఫిల్‌తో పోల్చి చూడవచ్చు. రెండింటి గుండు బరువూ 480 గ్రెయిన్లే, అంటే సుమారు 31 గ్రాములు. రెండింటి పేరులోనూ 450 ఉంది. మార్టినీ-హెన్రీ గుండు సెకనుకు సుమారు 1,300 అడుగుల వేగంతో వెలువడితే, రిగ్బీ తూటా గుండు 2,150 అడుగుల వేగంతో వెలువడేది. శక్తి వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక అదే బరువున్న గుండు రెండున్నర రెట్లకు పైగా శక్తిని సంతరించుకుంది. మోయడానికి వీలైన జంటగొట్టాల రైఫిల్‌తో ఏనుగును, అడవిదున్నను ఎదుర్కోవడం సాధ్యమైంది. కొద్దికాలంలోనే .450 పెద్ద మృగాల వేటకు ప్రమాణంగా స్థిరపడింది.

4. మృగం, దూరం, గుండు:

వేటగాళ్ల మధ్య వాదం కేవలం కాలిబర్‌తో ముగియలేదు. పులి చర్మం, కండరాలు మెత్తనివి. దాని దేహంలో విచ్చుకుని వెడల్పయిన గాయం చేసే మెత్తని మొన గుండు పులికి తగినది. అడవిదున్న, ఏనుగు విషయంలో దళసరి చర్మాన్ని, ఎముకను ఛేదించుకుని లోతుగా పోయే గట్టి లోహపు తొడుగు గుండు అవసరం. విచ్చుకునే గుండుకు ప్రపంచవ్యాప్తంగా స్థిరపడిన పేరు కలకత్తా సమీపంలోని డమ్‌డమ్ ఆయుధ కర్మాగారం నుంచి వచ్చింది. 1899 హేగ్ సమావేశపు ప్రకటన అటువంటి గుండ్లను యుద్ధంలో నిషేధించింది. వేటలో మాత్రం వాటి వాడకం కొనసాగింది.

చిన్న కాలిబర్‌ను సమర్థించినవారూ ఉన్నారు. ఆఫ్రికాలో డబ్ల్యు.డి.ఎం. బెల్ వెయ్యికి పైగా ఏనుగులను వేటాడి, వాటిలో ఎక్కువ భాగాన్ని 7 మిల్లీమీటర్ల రైఫిల్‌తోనే కూల్చాడు. ఏనుగు తలలో మెదడు స్థానాన్ని క్షుణ్ణంగా తెలుసుకుని గురిపెట్టడమే ఆయన బలం. అయితే ఆయన అనుభవాన్ని అందరికీ అన్వయించడం కుదరదు. భారతదేశపు పులివేటలో మంచె మీది నుంచో, ఏనుగు అంబారీ మీది నుంచో అతి తక్కువ దూరంలో, పొదల మధ్య క్షణకాలం కనిపించే మృగాన్ని కాల్చవలసి ఉండేది. గురి తప్పి గాయపడిన పులి ముందుగా పడేది తరచుగా వేటగాడి మీద కాదు, అడవిని కదిలించి మృగాన్ని తరిమే కూలీల మీద. కనుక తుపాకీ శక్తి చాలకపోతే దాని మూల్యాన్ని చెల్లించేది తుపాకీ పట్టనివారే. కాలిబర్ చర్చలో ఈ నైతికాంశానికి తగినంత చోటు దొరకలేదు.

5. 1907 నిషేధం:

1907లో బ్రిటిష్ ప్రభుత్వం .450 కాలిబర్ తూటాలను భారతదేశంలోకి, సూడాన్‌లోకి రానీయకుండా నిషేధించింది. దానికి కారణం వేటలో లేదు. సైన్యం విసర్జించిన మార్టినీ-హెన్రీ రైఫిళ్లు పెద్ద సంఖ్యలో అనధికారికంగా చలామణిలో ఉన్నాయి. వేట తూటా నేరుగా ఆ రైఫిల్‌లో ఇమడదు. అయితే వేట తూటా నుంచి గుండును ఊడదీసి మార్టినీ డొల్లలో నింపుకోవచ్చన్నది ప్రభుత్వ అనుమానం.

ఈ అనుమానానికి నేపథ్యం 1857 నుంచి ఉంది. సిపాయిల తిరుగుబాటు తరువాత భారతీయ సైనికులకు గొట్టంలో గాట్లు లేని నున్నని తుపాకులిచ్చి, రైఫిళ్లను బ్రిటిష్ దళాలకు ప్రత్యేకించారు. 1878 ఆయుధ చట్టం భారతీయులకు లైసెన్సును తప్పనిసరి చేసింది, యూరోపియన్లకు మినహాయింపునిచ్చింది. 1905 బెంగాల్ విభజన తరువాతి ఉద్యమం ఆ పాత భయానికి కొత్త ఊపిరి పోసింది. 1907లోనే లాలా లజపతిరాయ్‌ను మాండలేకు ప్రవాసం పంపారు. అదే ఏడాది బిపిన్ చంద్రపాల్ పర్యటనతో రాజమహేంద్రవరం మొదలైన తీరాంధ్ర పట్టణాల్లో వందేమాతర ఉద్యమం ఉధృతమైంది. ఆ వాతావరణంలో వేటగాడి తూటాపెట్టె కూడా శాంతిభద్రతల సమస్యగా మారింది.

6. తయారీదారుల సమాధానం:

తుపాకీ తయారీదారులకు భారతదేశం వదులుకోలేని విపణి. సంస్థానాధీశులు, ఉన్నతోద్యోగులు, సైనికాధికారులు వారి ప్రధాన ఖాతాదారులు. నిషేధం పేరుతో ముడిపడిన కొలతపైన కనుక, వారు కొలతను స్వల్పంగా మార్చారు. హాలండ్ అండ్ హాలండ్ సంస్థ .500/.465 తూటాను, జోసెఫ్ లాంగ్ సంస్థ .470 తూటాను, వెస్ట్‌లీ రిచర్డ్స్ సంస్థ .476 తూటాను ముందుకు తెచ్చాయి. .470 గుండు 500 గ్రెయిన్లు తూగి, సెకనుకు 2,150 అడుగుల వేగంతోనే వెలువడేది. అంటే వేటలో వీటికీ పాత .450కీ చెప్పుకోదగిన తేడా లేదు. మృగానికి తెలియని తేడాను చట్టం కోసం సృష్టించారన్నమాట. జెఫరీ సంస్థ .450/.400 పేరులో 450 ఉన్నా, అది .450 డొల్ల మూతిని బిగించి .400 గుండుకు అమర్చిన తూటా కనుక నిషేధం దాన్ని తాకలేదు. ఫలితంగా భారతదేశంలో దానికి ఆదరణ పెరిగింది. జిమ్ కార్బెట్ వద్ద ఉన్న భారీ రైఫిల్ ఈ కొలతదే. 1907లో చంపావత్ నరభక్షక పులిని చంపినందుకు ఆయనకు బహుమతిగా దక్కిన .275 రిగ్బీ తేలికైనది. కొండదారుల్లో కాలినడకన తిరిగే వేటగాడికి ఆ తేలికదనమే గుణం. చిత్తూరు ప్రాంతపు మామండూరు అడవుల అనుభవాలను కూడా గ్రంథస్థం చేసిన కెన్నెత్ ఆండర్సన్ వాడిన .405 వించెస్టర్ అమెరికా కొలత. అదీ నిషేధ పరిధికి వెలుపలిదే.

7. ఎంపిక హక్కు ఎవరిది?

నిషేధం ఉద్దేశం నెరవేరిందా అన్న ప్రశ్నకు తదనంతర ఘటనలు సమాధానమిస్తాయి. సీసపు గుండును ఊరి కొలిమిలో కూడా పోయవచ్చు. దొరకనివి తుపాకులు, డొల్లలు, నమ్మకమైన మందు. విప్లవకారులు వాటికోసం వేటగాళ్ల తూటాపెట్టెలను ఆశ్రయించలేదు. 1914 ఆగస్టులో కలకత్తాలో రోడ్డా కంపెనీకి చేరవలసిన సరుకు నుంచి 50 మౌజర్ పిస్తోళ్లను, సుమారు 46,000 తూటాలను తప్పించారు. 1922 ఆగస్టు 22 నుంచి 24 వరకు అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడిచేసి 26 తుపాకులను, సుమారు 2,500 తూటాలను స్వాధీనం చేసుకుంది. తుపాకీతోపాటు దానికి సరిపడే తూటా కూడా ఒకేచోట దొరికే స్థలం ప్రభుత్వ ఆయుధాగారమే. ప్రభుత్వం వేటగాడి పెట్టెకు తాళం వేస్తే, తిరుగుబాటు ప్రభుత్వపు పెట్టెనే తెరిచింది.

మరోవైపు అడవిలో జీవించే గిరిజన రైతుకు కాలిబర్ ఎంపిక అన్న మాటే లేదు. పంటను అడవిపందుల నుంచి కాపాడుకోవడానికి అతనికి మిగిలింది మూతి నుంచి మందు దట్టించే నాటు తుపాకీ, తెలంగాణ మాటలో బర్మారు. వలస పాలకుని కోసం గొట్టం కొలతను వెయ్యోవంతు అంగుళాల్లో సవరిస్తున్న కాలంలోనే, పులి బారిన పడే అవకాశం ఎక్కువగా ఉన్న మనిషికి లైసెన్సు దొరకడమే గగనమైంది.

8. స్వతంత్ర భారతంలో జాడలు:

.450 నిషేధం వెనుక ఉన్న సూత్రం సైనిక కాలిబర్‌ను పౌరునికి దూరంగా ఉంచడం. ఆ సూత్రమే .303కూ వర్తించింది. వేట రైఫిల్ కోరే భారతీయ కొనుగోలుదారు కోసం .315 కొలత రంగంలోకి వచ్చింది. దాని మూలం ఆస్ట్రియా-హంగేరీ సైన్యం వాడిన 8 మిల్లీమీటర్ల మాన్‌లిషర్ తూటా. భారతదేశంలో అది సైనిక తూటా కాకపోవడమే దానికి అర్హత అయింది. స్వాతంత్ర్యానంతరం 1959 ఆయుధ చట్టం వచ్చినా నిషిద్ధ, అనిషిద్ధ బోర్ల విభజన కొనసాగింది. ప్రభుత్వ ఆయుధ కర్మాగారం .315 రైఫిల్‌నే పౌరులకు తయారుచేసింది. ప్రజల నోట ‘త్రీ నాట్ త్రీ’గా స్థిరపడిన .303 పోలీసు చేతిలో మిగిలింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో పెద్ద మృగాల వేట దాదాపుగా ముగిసింది. మనుషులకు ప్రమాదకరంగా మారిన మృగాన్ని చంపడానికి కూడా ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి తప్పనిసరి. వేట ముగిసినా, వేట కోసం పుట్టిన కొలత లైసెన్సు పత్రాల్లో మిగిలిపోయింది.

9. ముగింపు:

1. వలస భారతంలో వేట రైఫిల్ కాలిబర్ ఎంపిక మృగం, దూరం, గుండు స్వభావాలతోపాటు ప్రభుత్వ భద్రతాదృష్టిపైనా ఆధారపడింది.

2. .465, .470, .476 వంటి కొలతలు వేట అవసరం కంటే 1907 నిషేధాన్ని దాటవలసిన అవసరం నుంచి ప్రాచుర్యంలోకి వచ్చాయి.

3. రోడ్డా, మన్యం ఘటనలను బట్టి చూస్తే తిరుగుబాటుదారుల ఆయుధ సేకరణ మార్గాన్ని ఈ నిషేధం అంచనా వేయలేకపోయింది.

4. ఎంపిక స్వేచ్ఛ, దాని లోపాల వల్ల కలిగే ప్రమాదం సమానంగా పంపిణీ కాలేదు. స్వేచ్ఛ తుపాకీ పట్టినవారికి, ప్రమాదం మృగాన్ని తరిమినవారికి దక్కింది.

వేట సాహిత్యాన్ని సాహస కథనంగానో, పర్యావరణ విధ్వంస కథనంగానో చదవడం పరిపాటి. అందులో ప్రతి పుటలోనూ ఎదురయ్యే తుపాకీ కొలతలను కూడా చారిత్రక ఆధారాలుగా స్వీకరిస్తే, ఆయుధం ఎవరి చేతిలో ఉండాలన్న పాత వివాదం ఆ అంకెల వెనుక కనిపిస్తుంది.