నిలిచిపోయిన లారీ, డీజిల్ దారి

నెలల తరబడి షెడ్డు పక్కన నిలబడిన పాత లారీని బయటికి తీసి లోడెత్తితే, చాలాసార్లు అది ఊరు దాటకముందే తడబడుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు శుభ్రంగా తిరిగిన ఇంజన్ యాక్సిలరేటర్ తొక్కేసరికి పికప్ అందుకోదు, మిస్సు కొడుతుంది, మిట్ట దగ్గర గేరు తగ్గించినా గుంజదు. ఇంజన్ పనైపోయిందనే యజమానికి తోస్తుంది. అనుభవమున్న మెకానిక్ మాత్రం ఇంజన్ జోలికి పోడు. ట్యాంకు మూత దగ్గర మొదలుపెట్టి నాజిల్ దాకా డీజిల్ వచ్చే దారంతా చూస్తాడు. దీన్ని పాతకాలపు అలవాటనీ, తక్కువ ఖర్చుతో చేసే అదృష్ట పరీక్ష అనీ కొట్టిపారేసేవాళ్ళున్నారు. నేను అలా అనుకోను. నంద్యాల, ఆళ్లగడ్డ లాంటి చోట్ల సరుకు రోడ్డెక్కిన తీరునూ, లారీ పెట్రోలు వదిలి డీజిల్ పట్టిన కాలాన్నీ కలిపి చూస్తే, ఆ వరస పూర్తిగా హేతుబద్ధమైనదని తెలుస్తుంది.

ముందు ఊళ్ళ సంగతి. కర్నూలు-కడప కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1863లో తవ్వడం మొదలుపెట్టింది. సాగుకే కాదు, పడవల మీద సరుకు పోవడానికీ పనికొస్తుందన్నది కంపెనీ ఆశ. ఆ ఆశ ఫలించలేదు, కంపెనీ నష్టాల్లో కూరుకుపోయింది, 1882లో ప్రభుత్వం కాలువను తీసుకుంది. పడవలు పోయినా నీళ్ళు మిగిలాయి. ఆ నీళ్ళ కింద వరి, పక్కన నల్లరేగడిలో పత్తి, జొన్న, శనగ. నంద్యాలకు గుంటకల్లు నుంచి నల్లమల మీదుగా గుంటూరు వైపు పోయే రైలు దారి పందొమ్మిదో శతాబ్దం చివరికే వచ్చింది. అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆళ్లగడ్డకు ఏ రైలూ రాలేదు. 2016లో తెరిచిన నంద్యాల-ఎర్రగుంట్ల లైను కూడా బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగానే పోయింది. ధాన్యమైనా, ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన టన్నుల బరువున్న విగ్రహమైనా కర్నూలు-కడప రోడ్డు మీదే కదలాలి. పైగా పంట బరువు ఏడాది పొడవునా సమానంగా ఉండదు. కోతలైన నెలల్లో ఎన్ని బండ్లున్నా చాలవు, తర్వాత కిరాయి పలచబడుతుంది. అప్పుడు కొత్త బండి దూరపు లోడుకు పోతుంది, పాతది నిలబడిపోతుంది. అరుదుగా తిరిగే లారీ ఇక్కడ యజమాని బద్ధకం వల్ల పుట్టింది కాదు, పంటల క్యాలెండరు వల్ల పుట్టింది.

ఇక బండి సంగతి. రెండో ప్రపంచయుద్ధం నాటికి మన రోడ్ల మీద లారీలు, బస్సులు ఎక్కువగా పెట్రోలువే. యుద్ధంలో పెట్రోలుకు రేషన్ పెట్టినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో బస్సులు వెనక బొగ్గు గ్యాస్ పొయ్యి తగిలించుకుని నడిచాయి. పెట్రోలు బండి తడబడితే మెకానిక్ చేయి మొదట నిప్పు వైపు పోయేది: ప్లగ్గులు, పాయింట్లు, కాయిలు, ఆ తర్వాతే కార్బురేటర్. 1951లో బెంగుళూరులో మైకో కంపెనీ మొదలైంది. జర్మనీ బాష్ నమూనాల మీద డీజిల్ పంపులు, నాజిళ్ళు దేశంలోనే తయారయ్యాయి. 1954లో జంషెడ్‌పూర్‌లో టాటా-మెర్సిడెస్ లారీ బయటికొచ్చింది, 1955 నుంచి మద్రాసు దగ్గర ఎన్నూరులో అశోక్ లేలాండ్ పేరు నిలబడింది. డీజిల్ ఇంజన్‌లో ప్లగ్గు లేదు, కాయిలు లేదు. గట్టిగా నొక్కిన గాలి వేడికే డీజిల్ అంటుకుంటుంది. అంటే ఇంజన్‌కు అందాల్సినవి రెండే: తగినంత గాలి, సరైన వేళకు సరైన ఒత్తిడితో డీజిల్. నిప్పు దగ్గర మొదలయ్యే పాత వరస ఒక్క తరంలో తలకిందులైంది. షెడ్లలో పనిచేసినవాళ్ళు పుస్తకం చదివి కాకుండా విప్పీ బిగించీ ఆ మార్పును పట్టుకున్నారు. మన రవాణా చరిత్రలో దీని గురించి రాసినవాళ్ళు తక్కువ కావడం నాకు లోటుగానే కనిపిస్తుంది.

నిలిచిన బండికి ట్యాంకు నుంచి నాజిల్ దాకా చూసే వరస ఎందుకు ప్రత్యేకంగా సరిపోతుందో చూడాలంటే పంపు పనితీరు కొంచెం వివరంగా తెలియాలి. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా డీజిల్‌ను తోసేవాడు లేడు, పంపే పీల్చుకోవాలి. అందుకే ఆ భాగంలో వాషరు ఎండినా, గొట్టం సన్నగా పగిలినా బయటికి చుక్క కారదు. లోపలికి గాలి పోతుంది. నేల మీద తడి లేదు కాబట్టి లీకు లేదనుకోవడం పెద్ద పొరపాటు. నాజిల్ తెరుచుకోవడానికి సుమారు 200 బార్ల ఒత్తిడి కావాలి. మధ్యలో గాలి బుడగ ఉంటే పంపు ఆ బుడగనే నొక్కుతూ ఉంటుంది, నాజిల్ తెరుచుకోదు, ఆ సిలిండరు మిస్సవుతుంది, పొగగొట్టంలో తెల్లపొగ వస్తుంది. ఫిల్టర్ మీది స్క్రూ వదులుచేసి, హ్యాండ్ పంపు కొట్టి, నురగ పోయి స్వచ్ఛమైన డీజిల్ వచ్చేదాకా ఎయిర్ తీయడం ఇందుకే. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లదనానికి చెమ్మ పట్టి నీరు అడుగుకు చేరుతుంది. నీరు, డీజిల్ కలిసేచోట సూక్ష్మజీవులు పెరిగి జిగురు తయారవుతుంది, ట్యాంకు రేకు తుప్పు పడుతుంది. ఇదంతా ఫిల్టర్‌లో చేరుతుంది. ఐడిలింగ్‌లో ఇంజన్ తాగేది కొంచెమే కాబట్టి సగం మూసుకుపోయిన ఫిల్టర్ కూడా సరిపెడుతుంది. లోడు మీద సరిపెట్టలేదు. అప్పుడు పొగ పెద్దగా రాదు, శక్తి మాత్రం పడిపోతుంది. నల్లపొగ వస్తే చూడాల్సింది ఎయిర్ క్లీనర్. ట్యాంకు గాలిరంధ్రంలో కందిరీగ మట్టిగూడు కట్టినా చాలు: బండి కొన్ని కిలోమీటర్లు బాగానే పోయి కుంటుతుంది, మూత తీస్తే బుస్సుమని గాలి పీల్చుకుని మళ్ళీ కదులుతుంది. ఇక ఏ సిలిండరు మిస్సవుతోందో తెలియాలంటే నాజిల్ పైపు నట్లు ఒక్కొక్కటే వదులుచేస్తారు. ఏది వదిలితే ఇంజన్ చప్పుడు మారదో తప్పు అక్కడుంది.

పాత బండి కాబట్టి బోరు అరిగి ఉండవచ్చు కదా అన్నది బలమైన అభ్యంతరమే. అయితే బోరు, రింగులు అరిగేది కిలోమీటర్లను బట్టి. సంవత్సరాలు గడిస్తే పాడయ్యేవి రబ్బరు, రేకు, ఇంధనం. ఏడాదికి కొద్దిసార్లే తిరిగే లారీలో రెండో రకం తప్పుకే అవకాశం ఎక్కువ. చెమ్మకు రింగులు పట్టేయడం, వాల్వు ఇరుక్కోవడం కూడా జరుగుతాయి, కాదనను. కానీ ఎయిర్ తీయకుండా హెడ్డు విప్పితే ఏది అసలు కారణమో ఎప్పటికీ తేలదు. ఈ పద్ధతి దేశమంతటా ఉన్నదే, దీనికి నంద్యాల చరిత్ర ఎందుకు అని ఇంకొకరు అడగవచ్చు. పద్ధతి అందరిదీ నిజమే. ఆళ్లగడ్డ దాకా రైలు లేని దారి మీద, నిలిచీ కదిలే బండ్ల మధ్య, దాని అవసరం పదేపదే రుజువైందన్నదే నేను చెప్పేది.

స్కానర్ వచ్చాక ఈ విద్య దేనికన్న మాట కూడా వింటుంటాం. మెకానికల్ పంపున్న లారీకి స్కానర్ తగిలించే చోటే లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండికైనా స్కానర్ ఒత్తిడి తగ్గిందని చెబుతుంది గానీ ఏ వాషరు గాలి పీలుస్తోందో చెప్పదు. ఈలోగా డీజిల్ కూడా మారింది: బీఎస్-3లో 350 పీపీఎం ఉన్న గంధకం బీఎస్-6కు 10 పీపీఎం అయింది. అమెరికాలో 1993లో గంధకం తగ్గించినప్పుడు పాత పంపుల రబ్బరు సీళ్ళు బిగుతు తప్పి లీకులొచ్చాయి. కనుక నేటి డీజిల్ పోసిన నిన్నటి లారీలో సీళ్ళను అనుమానించడానికి ఇప్పుడు కారణం ఇంకా పెరిగింది.

ఎనిమిదేళ్ళు దాటిన వాణిజ్య వాహనానికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది, పొగ సాంద్రత కొలత ఉంది. అవి ఉండాల్సిందే, ఆ గాలి పీల్చేది రోడ్డు పక్క ఊళ్ళే. కానీ కొలత పొగ ఎంతో చెబుతుంది, ఎందుకో చెప్పదు. మూసుకుపోయిన ఎయిర్ క్లీనర్ వల్ల వచ్చిన నల్లపొగకు బండినే తుక్కుకు అమ్మితే నష్టపోయేది ఒక్క లారీ మీద బతికే యజమాని. ట్యాంకు దించి కడిగి, ఫిల్టర్లు మార్చి, ఎయిర్ తీసి, లోడు మీద ఒకసారి నడిపి చూసిన తర్వాతే ఆ లారీని ఉంచాలా వదలాలా అని తేల్చుకోవాలి.