చీనీ తోటలలో ఎర్రనల్లి

ఎర్రనల్లి చీనీ, నిమ్మ మొదలైన చెట్ల ఆకుల నుండి రసం పీల్చే అతి సూక్ష్మమైన జీవి. దీని శాస్త్రీయ నామం యూటెట్రానికస్ ఓరియెంటాలిస్. ఇతర ప్రాంతాలలో బత్తాయిగా పిలిచే పండును అనంతపురం ప్రాంతంలో చీనీ అంటారు. వాడుకలో పురుగు అన్నప్పటికీ ఎర్రనల్లి కీటకం కాదు. ఇది ఎనిమిది కాళ్ళు గల సాలీడుల తరగతికి చెందినది (గుడ్డు నుండి అప్పుడే వెలువడిన పిల్లకు మాత్రం ఆరు కాళ్ళుంటాయి). మందు ఎంపిక ఈ భేదంపైనే ఆధారపడి ఉంటుంది.

వ్యాప్తి

అనంతపురం ప్రాంతపు సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. పొడి వేడి, బాటల దుమ్ము, బోర్లు ఎండి చెట్లకు తడి చాలకపోవడం నల్లికి అనుకూలిస్తాయి. ఎండాకాలంలో ఇది రెండు వారాల లోపే ఒక తరం పూర్తి చేయగలదు. గట్టి వాన దీని ఉధృతిని తగ్గిస్తుంది.

గుర్తించే విధానం

ముదురు ఆకుల పైభాగాన, ముఖ్యంగా నడిమి ఈనె వెంట, తెల్లని సన్నని చుక్కలు ఏర్పడతాయి. తరువాత ఆకు బూడిద రంగుకు మారి రాలిపోతుంది. దూరం నుండి చూచినవారు చెట్టుకు దుమ్ము పట్టిందని పొరబడడం సహజం. కొమ్మ క్రింద తెల్ల కాగితం పట్టి తట్టి, రాలిన చుక్కలను భూతద్దంతో చూడాలి. కదిలేవి నల్లులు; అయితే ఆకులపై సహజంగా ఉండే, నల్లులనే తినే మేలు చేసే నల్లులు మరింత చురుకుగా పరుగెత్తుతాయి.

కాయలపై గోధుమ రంగు మంగు కలిగించేది వేరొక నల్లి. అది కంటికి కనిపించదు, దానికి నాలుగే కాళ్ళు. మంగు ఏర్పడిన కాయ తిరిగి నునుపెక్కదు, బజారులో ధర తగ్గుతుంది. కనుక దాని నివారణ కాయలు చిన్నవిగా ఉన్నప్పుడే జరగాలి.

నివారణ

సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు నల్లిని అదుపు చేయకపోగా దానిని తినే అక్షింతల పురుగులను, మేలు చేసే నల్లులను చంపుతాయి. ఆ తరువాత ఎర్రనల్లి మరింత విజృంభిస్తుంది. నీటిలో కరిగే గంధకం లీటరు నీటికి 3 గ్రాములు కలిపి ఆకు తడిసేలా పిచికారీ చేయాలి. గుడ్లపై దీని ప్రభావం తక్కువ కాబట్టి అవసరమైతే 10-15 రోజులకు మరల చల్లాలి. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు గంధకం ఆకులను మాడ్చుతుంది, సాయంత్రం చల్లడం మేలు. నూనె మందులు చల్లిన తోటలో రెండు మూడు వారాల వరకు దీనిని వాడరాదు.

ఒకప్పుడు డైకోఫాల్ విరివిగా సిఫారసు చేసేవారు. అది 2019లో స్టాక్‌హోం ఒప్పందపు నిర్మూలన జాబితాలో చేరింది, భారత ప్రభుత్వం 2023లో నిషేధించింది. పాత కరపత్రాలలో ఆ పేరు కనిపించినా వాడకూడదు.