మాంట్రియల్ కాలిబాటలు, మంచు కాలం

కెనడాలోని మాంట్రియల్‌లో ఏటా సగటున 2 మీటర్లకు పైగా మంచు కురుస్తుంది. కాలినడకన వెళ్లేవారికి ఆ లోతు కన్నా, కురిసిన మంచు కరిగి మళ్లీ గడ్డకట్టడమే ఎక్కువ ప్రమాదం. పగలు కరిగిన నీరు రాత్రికి కాలిబాట మీద గాజుపలకలా బిగుసుకుంటుంది. దాని మీద పలచగా కొత్త మంచు పడితే కింద ఉన్న జారుడు కంటికి కనిపించదు. వాన నేలను తాకగానే గడ్డకట్టే రోజులు మరీ కష్టం.

19వ శతాబ్దంలో వీధుల్లోని మంచును తొలగించాలన్న ఆలోచనే పెద్దగా లేదు. చలికాలం రాగానే చక్రాల బండ్లు మూలపడేవి, గుర్రాలు లాగే స్లెడ్జిలు బయటికి వచ్చేవి. స్లెడ్జి సాగాలంటే దారిలో మంచు ఉండాలి కాబట్టి దాన్ని తీసేయకుండా అణచి చదును చేసేవారు. కాలిబాట సంగతి ఇంటివారికి వదిలేశారు. ఎవరి ఇంటి ముందు మంచు వారే పారతో తీసుకోవాలి. ఒక ఇంటివారు శ్రద్ధగా తీస్తే పక్కింటివారు తీయకపోవచ్చు. అలా పది అడుగులు శుభ్రంగా ఉండి, మరో పది అడుగులు జారుడుగా ఉండే బాట నడిచేవారికి ఏ ధైర్యమూ ఇవ్వదు. ఈ పద్ధతిలోని అసలు లోపం ఇదే.

1892లో విద్యుత్ ట్రాములు వచ్చాక పట్టాలను ఊడ్చక తప్పలేదు. ఊడ్చిన మంచు పట్టాలకు అటూ ఇటూ గుట్టలుగా పేరుకునేది. మోటారు కార్లు పెరిగే కొద్దీ ఆ గుట్టలను ఎత్తి తరలించడం నగరపాలక సంస్థ పని అయింది. మొదట్లో కూలీలు పారలతో గుర్రపుబండ్లకు ఎత్తేవారు. 1925లో ఆర్థర్ సికార్డ్ అనే, మాంట్రియల్ ఉన్న క్యూబెక్ రాష్ట్రవాసి మంచును తోడి దూరంగా చిమ్మే యంత్రాన్ని తయారు చేశాడు. 1927లో మాంట్రియల్‌ను ఆనుకుని ఉన్న ఊట్రెమోంట్ పట్టణం దాన్ని కొన్నది. ఈ యంత్రం వాహనాల దారికే మేలు చేసింది. కాలిబాటకు అది పట్టేది కాదు.

ఆ లోటు తీర్చినవి చక్రాలకు బదులు పట్టీల మీద నడిచే సన్నని ట్రాక్టర్లు. క్యూబెక్‌కే చెందిన బొంబార్డియర్ సంస్థ వీటిని తయారు చేసింది. స్థానికులు 'షెనియెట్' అని పిలిచే ఈ బండి ముందున్న పలకతో కాలిబాట మంచును వీధి వైపు నెడుతుంది. ఆ తర్వాత వీధిలోని యంత్రం దాన్ని లారీలోకి చిమ్ముతుంది. అంతకు ముందు సైరన్ మోగించి, ఆగి ఉన్న కార్లను తీసేయమని హెచ్చరిస్తారు. పలక ఎంత గీకినా అడుగున పలచని పొర మిగులుతుంది కాబట్టి దాని మీద ఉప్పు చల్లుతారు. చలి సుమారు మైనస్ 15 డిగ్రీలకు దిగితే ఉప్పు దాదాపు పనిచేయదు. అప్పుడు సన్న గులకరాళ్లే ఆధారం. అవి ఐసును కరిగించవు, చెప్పుల అడుగుకు పట్టునిస్తాయి. ఉప్పు వల్ల కాంక్రీటు, చెట్లు, నదీజలాలు పాడవుతాయి గనుక దాన్ని ఆచితూచి వాడటం అవసరం.

1962లో ప్లాస్ విల్ మరీ భవన సముదాయం, 1966లో మెట్రో మొదలయ్యాక నగరం నడిబొడ్డున భూగర్భ నడకదారులు విస్తరించి, కాలక్రమంలో 30 కిలోమీటర్లు దాటాయి. కార్యాలయాలకు వెళ్లేవారికి ఇవి గొప్ప ఊరట. నివాస ప్రాంతంలో బస్‌స్టాపు దాకా నడవాల్సిన వృద్ధురాలికి మాత్రం ఇవి అక్కరకు రావు. పైగా పాత పేటల్లో చాలా ఇళ్లకు మెట్లు బయటే, మెలికలు తిరిగి ఉంటాయి. వాటి మీది మంచు తీయడం నేటికీ ఇంటివారి పనే.

1998 జనవరిలో రోజుల తరబడి గడ్డకట్టే వాన కురిసినప్పుడు ముప్పు నెత్తి మీదికి వచ్చింది. విరిగిన కొమ్మలు, తెగిన తీగలకు తోడు, ఎత్తైన భవనాల నుంచి ఐసు పెళ్లలు రాలిపడటంతో నగర కేంద్రంలో కొన్ని వీధులను మూసేయాల్సి వచ్చింది.

నేడు మాంట్రియల్‌లో వీధులు, కాలిబాటలు కలిపి దాదాపు 10,000 కిలోమీటర్ల మేర మంచు తొలగించే బాధ్యత నగరానిదే. పొరుగు రాష్ట్రంలోని టొరంటోలో మాత్రం నడిబొడ్డు పాత పేటల వారు తమ ఇంటి ముందు కాలిబాటను తామే శుభ్రం చేసుకునే పద్ధతి చాలాకాలం సాగింది. అక్కడ నగరం ఈ పనిని అన్ని ప్రాంతాలకూ విస్తరించాలని నిర్ణయించింది 2021లో.